ఆర్థికశాస్త్రం, ప్రపంచ అభివృద్ధి, సంస్థల నాయకత్వం: పుస్తకాల ఎంపిక, పఠనంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మూడు రంగాల పుస్తకాలను ఒకే చోట ఎందుకు చేర్చారు?

మనుషులు కలిసి పనిచేయవలసి వచ్చినప్పుడు ఏ నియమాల కింద పని సాగుతుంది, ఏ నియమాల కింద చెడుతుంది అన్న ప్రశ్నే ఈ మూడు రంగాలకూ ఆధారం. ఆర్థికశాస్త్రం ఆ ప్రశ్నను మార్కెట్ దగ్గర అడుగుతుంది, అభివృద్ధి అధ్యయనం దేశాల మధ్య తేడాల దగ్గర అడుగుతుంది, నాయకత్వ గ్రంథాలు ఒక కార్యాలయం నాలుగు గోడల మధ్య అడుగుతాయి. అన్నీ మార్కెట్‌లోనే కొనుక్కునే వీలుండగా అసలు సంస్థలు ఎందుకు పుడతాయని రోనాల్డ్ కోస్ 1937లో ఒక వ్యాసంలో అడిగి, ప్రతి చిన్న పనికీ ధర కనుక్కొని, బేరమాడి, ఒప్పందం రాసుకోవడానికి అయ్యే ఖర్చే అందుకు కారణమని సమాధానమిచ్చారు. ఆ వ్యాసం ఆర్థికశాస్త్రానిదా, సంస్థల నిర్వహణదా అని విడదీయడం కష్టం.

ఎలినోర్ ఆస్ట్రమ్ 1990లో ప్రచురించిన ‘గవర్నింగ్ ది కామన్స్’ ఈ మూడు దారులూ కలిసే చోటుకు మంచి ఉదాహరణ. టర్కీలోని అలన్యా తీరంలో చేపలు బాగా పడే చోట్ల కోసం మత్స్యకారుల మధ్య తగాదాలు వచ్చేవి. వారే కూర్చొని తీరాన్ని పేర్లున్న స్థానాలుగా విభజించి, ఏటా సెప్టెంబరులో చీట్లు తీసి, ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో నిర్ణయించుకున్నారు. జనవరి వరకు ప్రతి పడవా రోజుకొక స్థానం చొప్పున తూర్పుకు జరుగుతుంది, ఆ తర్వాత మే వరకు పడమరకు జరుగుతుంది. మంచి స్థానం అందరికీ వంతులవారీగా వస్తుంది కనుక, తన రోజున వేరెవరైనా అక్కడ వల వేస్తే వంతుదారుడే పట్టుకుంటాడు, ప్రత్యేకంగా కాపలా పెట్టవలసిన పని ఉండదు. వనరుల కేటాయింపు, పేద సముదాయాల జీవనోపాధి, పైఅధికారి లేకుండా క్రమశిక్షణ నిలవడం అనే మూడు విషయాలూ ఆ ఒక్క ఏర్పాటులో కనిపిస్తాయి. ఆస్ట్రమ్ 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ అయ్యారు, అయితే ఆమె చదువుకున్నది రాజనీతిశాస్త్రం.

గణితం రానివారు ఆర్థికశాస్త్ర పుస్తకాలు చదవగలరా?

చదవగలరు. సాధారణ పాఠకుల కోసం రాసిన పుస్తకాల్లో శాతాలు, సగటులు, ఒకటి రెండు రేఖాచిత్రాలు తప్ప పెద్దగా గణితం ఉండదు. నిజానికి అడ్డుపడేది గణితం కాదు, కొన్ని భావనలు మనసుకు పట్టకపోవడం. ఒక పని ఎంచుకున్నప్పుడు వదులుకున్న మరో పని విలువను కూడా ఖర్చుగానే లెక్కించడం, ద్రవ్యోల్బణాన్ని తీసివేసిన తర్వాతే ఆదాయం పెరిగిందా తగ్గిందా అని చూడడం, మొత్తం లాభం కంటే ఇంకొక్క యూనిట్ వల్ల వచ్చే లాభాన్ని చూసి నిర్ణయించడం అనే మూడు అలవాట్లు పట్టుబడితే చాలావరకు అడ్డు తొలగిపోతుంది.

పాఠ్యపుస్తకం లాంటిది కావాలనుకునేవారికి ‘కోర్’ అనే ఆర్థికవేత్తల బృందం తయారుచేసిన ‘ది ఎకానమీ’ అంతర్జాలంలో ఉచితంగా లభిస్తుంది. అది గిరాకీ, సరఫరా గీతలతో కాక అసమానత, సాంకేతికత, చరిత్రలతో మొదలవుతుంది కనుక కొత్తవారికి విసుగు పుట్టదు. ఆర్థికవేత్తలు ఎందుకు ఒకరితో ఒకరు ఏకీభవించరో ముందే తెలుసుకోవాలనుకునేవారు హా-జూన్ చాంగ్ 2014లో రాసిన ‘ఎకనామిక్స్: ది యూజర్స్ గైడ్’తో మొదలుపెట్టవచ్చు. అందులో తొమ్మిది ఆలోచనా సంప్రదాయాలను పక్కపక్కన పెట్టి, ప్రతిదాని బలమూ బలహీనతా చెప్పారు. రచయిత తన మొగ్గును దాచుకోరు. అది లోపమని నేను అనుకోను.

ఆడమ్ స్మిత్, కీన్స్ వంటివారి మూలగ్రంథాలు ఇప్పుడు చదవాలా?

మొత్తం చదవనవసరం లేదు, కానీ కొన్ని అధ్యాయాలను తప్పక చదవాలి. లేకపోతే ఇతరులు వారి నోట పెట్టిన మాటలే వారి మాటలుగా మిగిలిపోతాయి. 1776లో వెలువడిన ‘ది వెల్త్ ఆఫ్ నేషన్స్’ మొదటి అధ్యాయంలో స్మిత్ గుండుసూదుల కార్ఖానాను వర్ణిస్తారు. తీగ లాగడం, తిన్నగా చేయడం, కోయడం, మొన తేల్చడం, తలకట్టు అతికించడం వంటి పనులను పదిమంది పంచుకుంటే రోజుకు 48,000 సూదులు తయారవుతాయి, అదే ఒక్కొక్కరు విడిగా చేస్తే రోజుకు 20 కూడా కావు అని ఆయన లెక్క. ఈ భాగం అందరికీ తెలుసు. జీవితమంతా అలాంటి ఒకటి రెండు చిన్న పనులే చేస్తూ గడిపిన మనిషి బుద్ధి మొద్దుబారిపోతుందని, దాన్ని నివారించడం ప్రభుత్వ బాధ్యత అని అదే గ్రంథం ఐదవ భాగంలో ఆయనే రాశారన్నది తెలిసినవారు తక్కువ. ఎవరి స్వలాభం వారు చూసుకున్నా సమాజానికి మేలు జరుగుతుందని సూచించే ‘అదృశ్య హస్తం’ అన్న ప్రసిద్ధ మాట ఆ బృహద్గ్రంథం మొత్తంలో ఒకే ఒక్కసారి వస్తుంది.

కీన్స్ విషయంలో నా సలహా వేరు. 1936 నాటి ‘జనరల్ థియరీ’ని తోటి ఆర్థికవేత్తల కోసం రాశానని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నారు, సాధారణ పాఠకులు అక్కడ చిక్కుబడిపోతారు. అంతకంటే 1919లో వచ్చిన ‘ది ఎకనామిక్ కాన్‌సీక్వెన్సెస్ ఆఫ్ ది పీస్’ ఎంతో చదివించే పుస్తకం. మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి పారిస్ శాంతి సమావేశంలో బ్రిటిష్ ఖజానా శాఖ ప్రతినిధిగా ఉన్న కీన్స్, జర్మనీపై మోపుతున్న నష్టపరిహారం చెల్లించలేనిదని భావించి, రాజీనామా చేసి దాన్ని రాశారు. అందులో ఫ్రాన్స్, అమెరికా, బ్రిటన్ నేతలైన క్లెమెన్సో, విల్సన్, లాయిడ్ జార్జ్‌లను ఆయన చిత్రించిన తీరు చూస్తే, నాయకులు గదిలోకి ఎంత సన్నద్ధతతో వస్తారన్నది ఫలితాన్ని ఎలా నిర్ణయిస్తుందో అర్థమవుతుంది. నాయకత్వ శిక్షణ తరగతుల్లో దాన్ని ఎందుకు చదివించరో నాకు తెలియదు.

విదేశీ సాయంపై పుస్తకాలు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధంగా ఉన్నాయి. ఎవరిని నమ్మాలి?

ఒక రచయితను ఎంచుకొని మిగతావారిని పక్కన పెట్టడం కంటే, ఆ వాదనను అది జరిగిన వరుసలోనే చదవడం మేలు. జెఫ్రీ శాక్స్ 2005లో ‘ది ఎండ్ ఆఫ్ పావర్టీ’ రాసి, అతి పేద దేశాలు పొదుపు చేయలేనంత పేదరికంలో ఇరుక్కున్నాయని, బయటి నుంచి పెద్ద ఎత్తున పెట్టుబడి వస్తే 2025 నాటికి తీవ్ర పేదరికాన్ని తుదముట్టించవచ్చని వాదించారు. మరుసటి ఏడాదే విలియం ఈస్టర్లీ ‘ది వైట్ మ్యాన్స్ బర్డెన్’లో, పైనుంచి ప్రణాళికలు వేసేవారు దశాబ్దాలుగా ఇదే వాగ్దానం చేస్తున్నారని, స్థానికంగా ఏది పనిచేస్తుందో వెతికేవారి వల్లనే మార్పు వస్తుందని బదులిచ్చారు. జాంబియాలో పుట్టిన దంబిసా మోయో 2009లో ‘డెడ్ ఎయిడ్’లో మరింత ముందుకు వెళ్లి, ఆఫ్రికా ప్రభుత్వాలకు నేరుగా అందే సాయమే హాని చేస్తోందన్నారు. ఆమె విమర్శ విపత్తు సహాయం గురించో, స్వచ్ఛంద సంస్థల పని గురించో కాదన్న సంగతిని ఆ పుస్తకాన్ని ఉటంకించేవారు తరచుగా మరిచిపోతారు.

ఈ వాదన ఇలాగే సాగుతుండగా అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2011లో ‘పూర్ ఎకనామిక్స్’తో వచ్చారు. సాయం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నను వారు ముక్కలు చేశారు. దోమతెరలను ఉచితంగా పంచాలా, కొద్దిపాటి ధరకు అమ్మాలా? ఉచితంగా ఇస్తే విలువ తెలియక వాడరని ఒక పక్షం, ధర పెడితే అవసరమైనవారికే అందవని మరో పక్షం వాదించుకుంటూ వచ్చాయి. కెన్యాలో జెస్సికా కోహెన్, పాస్కలీన్ డ్యూపా చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా కొన్ని ప్రసూతి కేంద్రాల్లో ఉచితంగా, మరికొన్నింటిలో వేర్వేరు ధరలకు దోమతెరలు ఇచ్చి చూశారు. చిన్న ధర పెట్టినా తీసుకునేవారి సంఖ్య బాగా పడిపోయింది. డబ్బిచ్చి కొన్నవారు ఎంత శ్రద్ధగా వాడారో, ఉచితంగా పొందినవారూ అంతే శ్రద్ధగా వాడారు. ఇరవై ఏళ్ల వాదన అక్కడితో ముగిసిపోయిందని చెప్పలేం కానీ, అప్పటినుంచి దోమతెరల గురించి మాట్లాడేవారెవరైనా ఆ ఫలితానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

వరుసలో చివరగా ఆంగస్ డీటన్ 2013లో రాసిన ‘ది గ్రేట్ ఎస్కేప్’ చదవండి. ఒక చోట పనిచేసింది మరో చోట ఎందుకు పనిచేస్తుందో పరీక్ష ఒక్కటే చెప్పలేదని, బయటి డబ్బు మీద నడిచే ప్రభుత్వం తన ప్రజలకు జవాబుదారీగా ఉండడం మానేస్తుందని ఆయన ఆందోళన. నా దృష్టిలో ఈ గొలుసులో అన్నింటికంటే పదునైన విమర్శ అదే.

క్షేత్ర పరీక్షల ఫలితాలను చదివేటప్పుడు ఏం గమనించాలి?

దేన్ని దేనితో పోల్చారో ముందుగా చూడాలి. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతంలో జరిగిన టీకాల అధ్యయనాన్ని చాలామంది ‘కిలో పప్పు ఇస్తే టీకాలు వేయించుకున్నారు’ అన్న ఒక్క మాటకు కుదిస్తారు. అసలు అక్కడ మూడు రకాల గ్రామాలున్నాయి. ఏమీ మార్చని గ్రామాల్లో పూర్తి టీకాలు పొందిన పిల్లలు దాదాపు 6 శాతం. క్రమం తప్పకుండా శిబిరం నడిపిన చోట అది 18 శాతం దాకా పెరిగింది. శిబిరంతో పాటు ప్రతి టీకాకు కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక స్టీలు పళ్లేలు ఇచ్చిన చోట 39 శాతానికి చేరింది. అంటే చెప్పిన రోజున నర్సు తప్పకుండా వస్తుందన్న భరోసాకే మూడు రెట్ల ఫలితం వచ్చింది, ఆపైన పప్పు దాన్ని రెట్టింపు చేసింది. అదే సమయంలో, ఇంత చేసినా సగానికి పైగా పిల్లలకు టీకాలు పూర్తికాలేదు. ఒకే పట్టికలో ఈ మూడు సంగతులూ ఉన్నాయి, ఏది శీర్షికగా పెట్టాలన్నది రచయిత నిర్ణయం.

ఒకే ఫలితం అనేక చోట్ల వచ్చిందా అన్నదీ చూడాలి. గ్రామీణ్ బ్యాంకుకూ దాని వ్యవస్థాపకుడు ముహమ్మద్ యూనస్‌కూ 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు సూక్ష్మరుణాలపై ఆశలు ఆకాశాన్నంటాయి. 2015లో బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకోలలో జరిగిన ఆరు పరీక్షలు ఒకేసారి వెలువడ్డాయి. అప్పు దొరకడం వల్ల కొందరి వ్యాపారాలు కొంత విస్తరించాయని, సగటు కుటుంబం పేదరికం నుంచి బయటపడేంత మార్పు రాలేదని వాటి సారాంశం. 2015కు ముందు వచ్చిన పుస్తకంలో సూక్ష్మరుణాల అధ్యాయాన్ని ఈ సంగతి మనసులో ఉంచుకొని చదవాలి.

అభివృద్ధిపై ఒకే ఒక్క పుస్తకం చదివే తీరిక ఉంది. ఏది చదవాలి?

అమర్త్య సేన్ రాసిన ‘పావర్టీ అండ్ ఫామిన్స్’, 1981. ఇదే రచయిత 1999లో ప్రచురించిన ‘డెవలప్‌మెంట్ యాజ్ ఫ్రీడమ్’ను ఎక్కువమంది సిఫారసు చేస్తారు, అదీ మంచిదే. కానీ ఒక ప్రశ్నను పట్టుకొని చివరిదాకా వదలకుండా లెక్కలతో తేల్చడం ఎలాగో నేర్పేది మొదటి పుస్తకమే. ఆహారం లేకపోవడం వల్ల కరవు వస్తుందన్నది అందరూ అనుకునే మాట. సేన్ ఆ మాటను 1943 నాటి బెంగాల్ కరవుకు అన్వయించి, ఆ ఏడాది ఆహార సరఫరా అంతకుముందు ఐదేళ్ల సగటు కంటే ఐదు శాతం మాత్రమే తక్కువని, కరవు లేని 1941 కంటే ఎక్కువేనని చూపించారు. యుద్ధకాలపు ఖర్చు వల్ల బియ్యం ధర పెరిగింది, వ్యవసాయ కూలీల వేతనం అంతగా పెరగలేదు, కొనగలిగే శక్తి పోయినవారు చనిపోయారు. 1974లో బంగ్లాదేశ్‌లో కరవు వచ్చిన ఏడాది తలసరి ఆహార లభ్యత దాని ముందూ వెనుకా ఉన్న సంవత్సరాల కంటే ఎక్కువగా ఉంది. వరదల వల్ల కూలి పనులు ఆగిపోవడమే అక్కడ ప్రాణాలు తీసింది.

1943 పంట అంచనాలు ఎంతవరకు సరైనవన్న దానిపై తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి, ఆ చర్చ ఇంకా సాగుతోంది. అయినా గిడ్డంగిలో ఎంత ధాన్యం ఉంది అన్న ప్రశ్న నుంచి, ఆ ధాన్యం మీద ఎవరికి హక్కు ఉంది అన్న ప్రశ్నకు అధ్యయనాన్ని మళ్లించిన పుస్తకం అది. చిన్న పుస్తకం కూడా. సాంకేతిక అనుబంధాలను దాటవేసినా వాదన దెబ్బతినదు.

ఈ పుస్తకాల్లోని గణాంకాలను ఎంతవరకు నమ్మవచ్చు?

అంకె ఎవరు, ఎలా తయారుచేశారో తెలిసినంతవరకు నమ్మవచ్చు. ఘనా గణాంక శాఖ 2010 నవంబరులో లెక్కింపు ఆధార సంవత్సరాన్ని మార్చగానే ఆ దేశ స్థూల దేశీయోత్పత్తి దాదాపు 60 శాతం పెరిగింది, అల్పాదాయ దేశంగా నిద్రపోయిన ఘనా తెల్లవారేసరికి మధ్యాదాయ దేశమైంది. పొలాల్లో, దుకాణాల్లో ఏమీ మారలేదు. అంతకుముందు లెక్కలోకి రాని సేవారంగాలు లెక్కలోకి వచ్చాయి. ఆఫ్రికా గణాంకాల తయారీపై మోర్టెన్ జెర్వెన్ 2013లో రాసిన ‘పూర్ నంబర్స్’ ఇలాంటి సంగతులను విప్పి చెబుతుంది. జాతీయాదాయ లెక్కలకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడైన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, ఒక దేశ ప్రజల సంక్షేమాన్ని ఆ దేశ ఆదాయపు అంకె నుంచి ఊహించలేమని హెచ్చరించారు. ఆ అంకెను ఆరాధించేవారెవరూ ఆ హెచ్చరికను ఉటంకించరు.

పేదరిక రేఖ విషయంలో పుస్తకం ప్రచురణ సంవత్సరం చూడకుండా పోలికలు చేయకూడదు. ప్రపంచ బ్యాంకు 1990లో రోజుకు ఒక డాలరు అని మొదలుపెట్టిన రేఖను 2015లో 1.90కి, 2022లో 2.15కి, 2025లో 3 డాలర్లకు మార్చింది. ఇవి ఆయా దేశాల్లో ధరల తేడాను సర్దుబాటు చేసిన డాలర్లు, మారక ద్రవ్య విపణిలో దొరికే డాలర్లు కావు. రెండు పుస్తకాల్లో పేదల సంఖ్య వేరుగా కనిపిస్తే, పేదలు మారారా, రేఖ మారిందా అని ముందు తేల్చుకోవాలి.

గొప్ప పేర్లున్నవారి లెక్కల్లోనూ తప్పులు దొర్లుతాయి. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రచురించిన పత్రంలో, ప్రభుత్వ రుణం దేశీయోత్పత్తిలో 90 శాతం దాటిన సంపన్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని చూపించారు. ప్రభుత్వ ఖర్చులో కోత పెట్టే పొదుపు చర్యలను సమర్థించినవారు దాన్ని విస్తృతంగా వాడుకున్నారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థి ఒకరు, మరో ఇద్దరు ఆచార్యులతో కలిసి ఆ స్ప్రెడ్‌షీట్‌ను పరిశీలించగా, సగటు తీసిన సూత్రంలో ఐదు దేశాల వరుసలు చేరలేదని తేలింది. ఇతర ఎంపికలను కూడా సవరించి లెక్కిస్తే సగటు 2.2 శాతం వచ్చింది. స్ప్రెడ్‌షీట్ పొరపాటును రచయితలు అంగీకరించారు, అధిక రుణమున్న చోట వృద్ధి తక్కువగా ఉంటుందన్న ప్రధాన అభిప్రాయాన్ని మాత్రం వదులుకోలేదు. తాము వాడిన దత్తాంశాన్ని ఇతరులకు అందుబాటులో ఉంచిన పుస్తకానికి నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఇదే.

నోబెల్ బహుమతి పొందిన రచయిత పుస్తకమైతే కళ్లు మూసుకొని చదవవచ్చా?

వద్దు. 1974లో ఆ బహుమతిని గున్నార్ మిర్డాల్, ఫ్రీడ్రిక్ హాయెక్ కలిసి పంచుకున్నారు. మిర్డాల్ సంక్షేమ రాజ్యానికి, ప్రణాళికకు పెట్టని కోట. హాయెక్ ప్రణాళిక నియంతృత్వానికి దారితీస్తుందని 1944లోనే పుస్తకం రాసినవారు. ఇద్దరి మాటా ఒకేసారి శిరసావహించడం సాధ్యం కాదు. పైగా బహుమతి ఒక నిర్దిష్ట పరిశోధనకు ఇస్తారు, రచయిత తర్వాత సాధారణ పాఠకుల కోసం రాసినవన్నీ ఆ ముద్ర కిందికి రావు. ఆ బహుమతి పొందిన డానియల్ కానమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’లో ‘ప్రైమింగ్’పై, అంటే ముందు చూసిన మాటో బొమ్మో మనకు తెలియకుండానే తర్వాతి ప్రవర్తనను మార్చడంపై, రాసిన అధ్యాయం ఆధారపడిన ప్రయోగాలు తర్వాత నిలబడలేదు. చిన్న నమూనాలతో చేసిన అధ్యయనాలపై అతిగా నమ్మకం పెట్టుకున్నానని 2017లో ఆయనే బహిరంగంగా రాశారు. పుస్తకంలో మిగతా భాగాలకు విలువ తగ్గలేదు.

నాయకత్వంపై పుస్తకాలన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఎందుకు?

చాలావాటి నిర్మాణం ఒకటే కనుక. విజయం సాధించిన సంస్థలను ముందు ఏరుకుంటారు, వాటిలో ఉమ్మడిగా కనిపించిన లక్షణాలను వెతుకుతారు, ఆ లక్షణాలే విజయానికి కారణమని ప్రకటిస్తారు. అదే లక్షణాలుండి మునిగిపోయిన సంస్థలు ఎన్ని ఉన్నాయన్నది లెక్కలోకి రాదు.

జిమ్ కాలిన్స్ 2001లో రాసిన ‘గుడ్ టు గ్రేట్’ ఈ కోవలో అన్నింటికంటే శ్రద్ధగా తయారైనది. 1,435 కంపెనీలను జల్లెడ పట్టి, పదిహేనేళ్ల పాటు షేర్ల రాబడిలో మార్కెట్‌ను కనీసం మూడు రెట్లు మించిన 11 కంపెనీలను ఎంచుకొని, ప్రతిదానికీ అదే రంగంలో వెనుకబడిన మరో కంపెనీని పోలికగా పెట్టారు. పోలిక పెట్టడం మెచ్చుకోవలసిన విషయం. అయినా ఆ పదకొండింటిలో ఒకటైన సర్క్యూట్ సిటీ 2008లో దివాలా పిటిషన్ వేసి మరుసటి ఏడాది దుకాణాలన్నీ మూసేసింది. మరొకటైన ‘ఫ్యానీ మే’ అనే గృహరుణ సంస్థ 2008 ఆర్థిక సంక్షోభంలో అమెరికా ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లింది. గెలిచిన సంస్థల జాబితాతో 1982లో వచ్చిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ ఎక్సలెన్స్’కు అంత కాలం కూడా పట్టలేదు, రెండేళ్లకే అందులోని కొన్ని కంపెనీలు చిక్కుల్లో పడిన సంగతి పత్రికల ముఖచిత్ర కథనమైంది.

దీని వెనుక మరో లోతైన చిక్కు ఉందని ఫిల్ రోసెన్‌జ్వైగ్ 2007లో ‘ది హేలో ఎఫెక్ట్’లో వివరించారు. లాభాలు వస్తున్నప్పుడు ఉద్యోగులను, విలేకరులను అడిగితే నాయకుడు దార్శనికుడని, సంస్థ సంస్కృతి గొప్పదని చెబుతారు. లాభాలు పోగానే అదే నాయకుడిని మొండివాడని, అదే సంస్కృతిని అహంకారమని అంటారు. సిస్కో కంపెనీ గురించి 2000లోనూ 2001లోనూ పత్రికలు రాసినవాటిని పక్కపక్కన పెట్టి ఆయన దీన్ని చూపించారు. ఇలాంటి ఇంటర్వ్యూల నుంచి ‘విజయ కారణాలు’ తీసిన పుస్తకం, ఫలితాన్నే మరో పేరుతో తిరిగి మనకు వడ్డిస్తోందని అర్థం. ఏ నాయకత్వ పుస్తకం కొనేముందైనా చివరి అనుబంధం తెరిచి, లక్షణాలను కొలిచిన తేదీ ఫలితం తెలియకముందుదా తర్వాతదా అని చూడండి. అనుబంధమే లేకపోతే దాన్ని ఒకరి అనుభవంగా చదువుకోవచ్చు, నిరూపణగా మాత్రం తీసుకోకూడదు.

అయితే ఈ రంగంలో చదవదగినవి ఏవి?

గెలుపు సూత్రాలు చెప్పేవాటి కంటే, దగ్గరుండి చూసి రాసినవి ఎక్కువ కాలం నిలిచాయి. హెన్రీ మింట్జ్‌బర్గ్ ఐదుగురు ముఖ్య కార్యనిర్వహణాధికారుల వెంట ఒక్కొక్క వారం ఉండి, వారు చేసిన ప్రతి పనినీ నమోదు చేసి 1973లో ‘ది నేచర్ ఆఫ్ మేనేజీరియల్ వర్క్’ ప్రచురించారు. వారి పనుల్లో సగం తొమ్మిది నిమిషాలలోపే ముగిశాయి. తీరిగ్గా కూర్చొని వ్యూహాలు రచించే నాయకుడి బొమ్మ ఆ ఒక్క అంకెతో చెదిరిపోతుంది. పీటర్ డ్రకర్ ‘ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్’లో మీ సమయం ఎక్కడికి పోతోందని మీరు అనుకుంటున్నారో దాన్ని నమ్మకుండా, రాసి చూసుకోమని సలహా ఇస్తారు. మింట్జ్‌బర్గ్ చదివాక ఆ సలహా ఎంత అవసరమో తెలుస్తుంది.

ఎమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన ఒక విచిత్రమైన ఫలితంతో మొదలైంది. ఆసుపత్రుల్లో మంచి బృందాలు మందుల విషయంలో తక్కువ పొరపాట్లు చేస్తాయని ఆమె ఊహించారు, కానీ మంచి బృందాల లెక్కల్లోనే ఎక్కువ పొరపాట్లు కనిపించాయి. అక్కడివారు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసిన తప్పును భయం లేకుండా చెప్పుకుంటున్నారు. ఆ ఆలోచనను ఆమె 1999 నాటి పరిశోధన పత్రంలో, తర్వాత 2018లో ‘ది ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్’లో విస్తరించారు. ఫిర్యాదులు తగ్గాయని సంబరపడే అధికారులు ఆ పత్రం చదవాలి.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన ‘ఎగ్జిట్, వాయిస్, అండ్ లాయల్టీ’ చిన్నది, ఎన్నిసార్లు చదివినా కొత్తగా ఉంటుంది. లారీల నుంచి పోటీ ఉన్నా నైజీరియా రైల్వేలు ఎందుకు బాగుపడలేదన్న ప్రశ్న నుంచి అది పుట్టింది. నాణ్యత గురించి గట్టిగా నిలదీయగల ఖాతాదారులే ముందుగా లారీలకు మారిపోయారు, నిలదీసేవారు లేక, నష్టాలను ప్రభుత్వం భరిస్తుండగా, రైల్వేలు మరింత క్షీణించాయి. వెళ్లిపోయే దారి ఉండడం ఎప్పుడు సంస్థను మెరుగుపరుస్తుంది, ఎప్పుడు పాడుచేస్తుంది అన్న ఈ ఆలోచన బడులకూ, పార్టీలకూ, కంపెనీలకూ వర్తిస్తుంది.

పెద్ద పుస్తకాలను పూర్తిగా చదవాలా?

చదవకపోవడం మీ ఒక్కరి సమస్య కాదు. థామస్ పికెట్టీ ‘క్యాపిటల్ ఇన్ ది ట్వంటీ-ఫస్ట్ సెంచరీ’ ఆంగ్ల అనువాదం 2014లో వచ్చినప్పుడు, కిండిల్ పాఠకులు ఎక్కువగా గీతలు గీసిన ఐదు వాక్యాలనూ గణితశాస్త్రజ్ఞుడు జోర్డన్ ఎలెన్‌బర్గ్ పరిశీలించారు. వాటిలో చివరిది 26వ పేజీలో ఉంది, పుస్తకం దాదాపు 700 పేజీలు. పీఠిక, ముగింపు, మీకు అనుమానం కలిగిన ఒక వాదనకు ఆధారంగా నిలిచిన అధ్యాయం, ఈ మూడూ శ్రద్ధగా చదివితే అలాంటి పుస్తకంతో న్యాయంగా చర్చించవచ్చు. పికెట్టీ విషయంలో పెట్టుబడిపై రాబడి రేటు ఆర్థిక వృద్ధి రేటు కంటే ఎక్కువగా ఉంటుందన్న వాదన ఎక్కడి దత్తాంశంపై నిలబడిందో ఆ భాగమే చదవాలి.

సారాంశాలు, ఆడియో పుస్తకాలు సరిపోతాయా?

నాయకత్వ పుస్తకాల్లో చాలావాటికి సారాంశమే ఎక్కువ. ఆర్థికశాస్త్ర, అభివృద్ధి పుస్తకాలకు చాలదు, ఎందుకంటే సారాంశం ముగింపును ఉంచి ఆధారాన్ని వదిలేస్తుంది. పట్టికలు, రేఖాచిత్రాలు ఉన్న పుస్తకాలను వినడం కంటే చూసి చదవడం మేలు.

మా సంస్థలో అందరి చేతా ఒకే పుస్తకం చదివించాలనుకుంటున్నాం. మంచి ఆలోచనేనా?

పుస్తకం కొనిచ్చి, అందులోని నినాదాన్ని గోడమీద రాయించడం వరకే అయితే కాదు. సిబ్బంది ఆ నినాదాన్ని సమావేశాల్లో అప్పజెప్పడం నేర్చుకుంటారు, పని పాత పద్ధతిలోనే సాగుతుంది. ఒకదాన్నొకటి ఖండించే రెండు పుస్తకాలు ఎంచుకొని, సగం మందికి ఒకటి, మిగతా సగానికి మరొకటి ఇవ్వండి. అభివృద్ధి సంస్థ అయితే శాక్స్, ఈస్టర్లీ జంట సరిగ్గా సరిపోతుంది, కంపెనీ అయితే కాలిన్స్, రోసెన్‌జ్వైగ్ జంట. చర్చలో పైఅధికారి చివరగా మాట్లాడాలి. ముందే అభిప్రాయం చెబితే తర్వాతివన్నీ దానికి వంతపాటలే అవుతాయి. పుస్తకంలోని ఒక వాదన మీ సంస్థలో నిజమో కాదో చూడడానికి ఏ సమాచారం కావాలి, అది మన దగ్గర ఉందా అన్న ప్రశ్నతో చర్చను మొదలుపెట్టండి.

పుస్తకాలు కొనకుండా ఉచితంగా చదవగలిగినవి ఏమున్నాయి?

చాలానే ఉన్నాయి. స్మిత్ వంటి పాత రచయితల గ్రంథాలకు హక్కుల కాలం తీరిపోయింది కనుక అవి అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. ప్రపంచ బ్యాంకు 1978 నుంచి వెలువరిస్తున్న ప్రపంచ అభివృద్ధి నివేదికలు, మహబూబ్ ఉల్ హక్ చొరవతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో మొదలుపెట్టిన మానవాభివృద్ధి నివేదికలు ఉచితంగా దించుకోవచ్చు. ఈ నివేదికల్లో ముందుండే అవలోకనాన్ని సంస్థల మధ్య రాజీలు నునుపు చేసి ఉంటాయి. అసలు సరుకు లోపలి పెట్టెకట్టిన ఉదాహరణల్లోనూ, చివరి పట్టికల్లోనూ ఉంటుంది. మానవాభివృద్ధి నివేదికల్లో 1990 నాటి మొదటి సంచికను, ఇటీవలి సంచికను పక్కపక్కన పెట్టుకొని, మానవాభివృద్ధి సూచీని లెక్కించే పద్ధతి ఎలా మారిందో సాంకేతిక వివరణల్లో చూడండి. ఒక దేశం స్థానం పెరిగినట్టు కనిపిస్తే అది పద్ధతి మార్పు వల్లనా, ప్రజల ఆయుర్దాయం, చదువు, ఆదాయం నిజంగా పెరగడం వల్లనా అన్నది ఆ వివరణల దగ్గరే తేలుతుంది.